నమూనాలో మిగిలిన లోయ



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1971లో గుమాస్తాగా చేరి, 2007లో పదవీ విరమణ చేసేదాకా ముందు తాలూకా కచేరీలోనూ, 1985లో మండలాలు వచ్చాక మండల కార్యాలయంలోనూ అడంగళ్ళు, నోట్ ఫైళ్ళు రాసినవాణ్ణి. అయితే ఈమధ్య నరసరావుపేటలో పిల్లల నమూనాల పోటీకి వెళ్ళవలసివచ్చింది. అక్కడ నేనొక పొరపాటు చేశాను. ఆ పొరపాటు నన్ను మన పల్నాటి చరిత్రలోని ఒక ఘట్టం దగ్గరకు తీసుకుపోయింది. అదే మనవి చేసుకుంటున్నాను.

పోటీ జరిగిన తీరు

మా మనవరాలు తొమ్మిదో తరగతి. వాళ్ళ బడిలో నమూనాల పోటీ, ప్రదర్శన పెట్టి, చుట్టుపక్కల బడుల పిల్లల్ని కూడా పిలిచారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు: పదవీ విరమణ చేసిన సైన్సు మాష్టారు ఒకరు, నీటిపారుదల శాఖలో పనిచేసి దిగిపోయిన ఇంజనీరు ఒకరు, పింఛనుదారుల తరఫున నేను. మార్కులు ఒక్కొక్కరికి 50. అందులో పది మార్కులు "కొలత" కింద. అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించారో అట్ట మీద రాయాలి, ఆ లెక్కకు నమూనా సరిపోవాలి. సర్వే పటాలతో బతికినవాణ్ణని ఆ పది మార్కుల సంగతి ప్రత్యేకంగా చూడమని నాకే అప్పగించారు.

హాలు నిండా బల్లలు. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 ల్యాండరు ఒక్కటే నాలుగు చోట్ల కనిపించింది. కోటప్పకొండ, మెట్లదారి, కింద రంగు కాగితాల ప్రభలు పెట్టారు ఒక బడివాళ్ళు. కారెంపూడి వీరుల గుడి ఒకటి. చిన్న మోటారుతో తలుపులు లేచి నీళ్ళు దూకే నాగార్జునసాగర్ ఆనకట్ట ఒకటి. దాని చుట్టూ జనం వదలలేదు. ఇరవై ఆరు గేట్లూ లెక్కపెట్టి అమర్చారు, మెచ్చుకోవలసిందే.

కిటికీ పక్క బల్ల మీద మాచర్ల వైపు నుంచి వచ్చిన ముగ్గురు ఆడపిల్లల నమూనా ఉంది. మోటారు లేదు, దీపాలు లేవు. చదరపు మీటరు చెక్క మీద థర్మాకోలు పొరలు, పైన మట్టి పూత. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ. అట్ట మీద "నాగార్జునకొండ లోయ, ఆనకట్టకు పూర్వం" అని రాశారు. పక్కనే పలుచని నీలం ప్లాస్టిక్ కాగితం మడిచి పెట్టారు. ఎవరైనా వస్తే ముందు లోయ చూపించడం, తరువాత ఆ నీలం కాగితం పరవడం. లోయ అంతా కిందకు పోయి, మధ్యలో ఒక్క కొండ కొస మిగిలేది. చూసినవాళ్ళు ఒక నిమిషం మాట్లాడేవారు కాదు.

నేను మటుకు అట్ట చదివాను. "అడ్డం కొలత 5,000కు 1, నిలువు కొలత 2,500కు 1" అని ఉంది. ఒకే నమూనాకు రెండు కొలతలేమిటి? మన కచేరీలో గ్రామ పటం మైలుకు 16 అంగుళాలు. కాగితం మీద ఒక అంగుళం అంటే నేల మీద 330 అడుగులు, సరిగ్గా ఐదు గొలుసులు. ఏ మూల కొలిచినా అంతే. కొండలను రెండింతలు లేపి చూపడం నా కంటికి కొలత తప్పినట్టే కనిపించింది. పదికి నాలుగు వేసి సంతకం పెట్టాను.

ఆ లోయ సంగతి

పొరపాటు సంగతికి వచ్చేముందు ఆ లోయ చరిత్ర కొంచెం చెప్పాలి. మన పిల్లల్లో చాలామందికి నాగార్జునకొండ అంటే లాంచి ఎక్కి వెళ్ళే దీవి. అది దీవి కావడం మన జీవితకాలంలోనే జరిగింది.

శాతవాహనుల తరువాత, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సుమారు నూరేళ్ళు ఇక్ష్వాకులు ఈ ప్రాంతాన్ని ఏలారు. వారి రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అక్కడి రాజులు. రాజులు వైదిక యాగాలు చేశారు, గుళ్ళు కట్టించారు. రాజకుటుంబపు స్త్రీలు బౌద్ధానికి దానాలు చేశారు. శాంతమూలుడి సోదరి శాంతిసిరి మహాచైత్యానికి దాత. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల విహారంలో కట్టడాలు చేయించింది. ఇవన్నీ శాసనాల్లో ఉన్న మాటలు.

ఆ తరువాత అది అడవి పట్టిన పల్లెసీమ అయింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు గారు అక్కడి రాతి స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసన విభాగంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న రంగస్వామి సరస్వతి గారు వచ్చి చూసి, విషయం లోకానికి తెలిపారు. సోదరులు ఈ మాట గమనించాలి. ఒక బడిపంతులు, ఒక అసిస్టెంటు. అంటే మనబోటి ఉద్యోగులే. పెద్ద దొరలు తరువాత వచ్చారు. లాంగ్‌హర్స్ట్ దొర 1927 నుంచి 1931 వరకు తవ్వకాలు చేయించాడు. 1938 నుంచి టి.ఎన్. రామచంద్రన్ గారు మరికొంత తవ్వించారు.

అప్పటికి తొందరేమీ లేదు. తొందర ఆనకట్టతో వచ్చింది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారి వంటి వారి పట్టుదల వల్ల, 1952 నాటి ఖోస్లా సంఘం పరిశీలన తరువాత నందికొండ దగ్గర ఆనకట్ట ఖాయమైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట లేస్తే లోయ మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖవారు లోయ మొత్తాన్ని, సుమారు 23 చదరపు కిలోమీటర్లు, గాలించారు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా నూరుకు పైగా స్థలాలు బయటపడ్డాయి.

దూరదేశపు పోలిక ఒకటి చెబుతాను. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్టకు మునిగిపోయే గుళ్ళను కాపాడమని యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది 1960లో. అబూ సింబెల్ గుడిని కోసి పైకి చేర్చింది 1964 నుంచి 1968 వరకు. ఆ పిలుపు వచ్చేనాటికే మన పల్నాటిలో ఆరేళ్ళ తవ్వకం ముగింపుకు వచ్చింది. ఈ సంగతి మనం పెద్దగా చెప్పుకోము.

దొరికినదంతా పైకి మోయడం సాధ్యం కాదు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఊడదీసి, కొండ మీదనూ, తూర్పు ఒడ్డున అనుపులోనూ తిరిగి పేర్చారు. 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు గల రంగస్థలం, నాలుగు వైపులా మెట్లతో, ఇప్పుడు అనుపులో ఉంది. స్నానఘట్టం కొండ మీదకు చేరింది. మరో పద్నాలుగింటికి కొలతకు తగ్గించిన నమూనాలు కట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం వచ్చింది. అందులో ఒక గది మునిగిన లోయకే కేటాయించారు. ఏ స్థలం ఎక్కడ బయటపడిందో గుర్తులు పెట్టిన లోయ నమూనా, కట్టడాల నమూనాలు అందులో ఉన్నాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ రోజుల్లో పుట్టిన మన పల్నాటి వరిచేనుకు, మునిగిన ఆ లోయ ఒక విధంగా మూల్యం.

నమూనా అంటే ఆటబొమ్మ కాదు

ఈ విషయంలో మనవాళ్ళు ఎంత పాతవారో చూడండి. అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ స్తూపాల చుట్టూ అతికిన రాతిపలకల మీద శిల్పులు స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. అండం, ప్రాకారం, నాలుగు దిక్కుల ఆయక స్తంభాలు, పైన ఛత్రం, అన్నీ. అసలు స్తూపాలు కూలి మట్టిదిబ్బలయ్యాయి. అమరావతి రాళ్ళు కొన్ని మద్రాసు మ్యూజియానికి, కొన్ని లండనుకు పోయాయి. నిండుగా ఉన్న స్తూపం ఎలా ఉండేదో ఈనాడు మనకు చెప్పేవి ఆ చిన్న పలకలే. పెద్దది పోయినప్పుడు చిన్నది సాక్ష్యమైంది.

మన సాగర్ వంటి ఆనకట్టలకూ నమూనాలే దారి. హైదరాబాదు దగ్గర హిమాయత్ సాగర్ పరిశోధనశాలలోనూ, 1916లో పుట్టిన పూనా పరిశోధన కేంద్రంలోనూ ఆనకట్టలను చిన్నవిగా కట్టి నీళ్ళు వదిలి చూడడం ఇంజనీర్లకు నిత్యకృత్యం. ఇది ఆ రోజు ఇంజనీరు గారు నాకు చెప్పిన పాఠం. పొడవును 25వ వంతుకు తగ్గిస్తే నీటి వేగం 25వ వంతుకు తగ్గదు, ఐదో వంతుకే తగ్గుతుంది. ఆ లెక్క తెలిస్తేనే నమూనాలో చూసిన నీటిని బట్టి అసలు నీటిని అంచనా కట్టగలం.

ఆయన మరొక మాట కూడా చెప్పారు. మైళ్ళ పొడవున్న నదికి నమూనా చేసేటప్పుడు లోతును కూడా అదే వంతుకు తగ్గిస్తే నీరు తడి గుడ్డ మీద పొరలా మిగులుతుంది, పరీక్షకు పనికిరాదు. అందుకని అడ్డం ఒక కొలత, నిలువు ఒక కొలత పెట్టడం ఆ శాస్త్రంలోనే ఉంది. కొండలూ లోయలూ చూపే నమూనాల్లోనూ అంతే. 5,000వ వంతుకు తగ్గిస్తే వంద మీటర్ల కొండ రెండు సెంటీమీటర్లు. నాలుగడుగుల దూరం నుంచి చూసేవాడికి అది కొండ అనిపించదు. రెండింతలు లేపాలి, లేపినట్టు అట్ట మీద రాయాలి. ఆ పిల్లలు చేసింది సరిగ్గా అదే.

ఈ పాఠం నాకు అందేసరికి నా మార్కుల కాగితం లోపలికి వెళ్ళిపోయింది. మొదటి బహుమతి మోటారు ఆనకట్టకు వచ్చింది. లోయకు రెండవది. తేడా ఎంతని అడిగాను. నాలుగు మార్కులు. నేను తగ్గించినవి ఆరు.

దిద్దవచ్చునా అని అడిగాను. ఫలితాలు మైకులో చదివేశారు, పిల్లలు చప్పట్లు కొట్టేశారు. అయినా ముప్పై ఆరేళ్ళు "సంతకం పెట్టిన కాగితం మార్చరాదు" అని జనానికి చెప్పి పంపినవాణ్ణి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని మార్చమంటాను? మన చేతి మీదుగా ఇటువంటివి ఎన్ని జరిగాయో అని ఆ సాయంత్రం అనిపించింది. తెలియక వేసిన ఒక అంకె, అవతల ఎవరి పొలమో, ఎవరి పింఛనో.

ఆవగింజంత ఇల్లు

పిల్లల దగ్గరకు వెళ్ళి, "అమ్మా, మీ కొలత సరిగ్గానే ఉంది, నాదే తప్పు" అని చెప్పాను. వాళ్ళకు ఏమనాలో తోచలేదు. చివరకు వారిలో పెద్దపిల్ల, "పోనీలెండి తాతగారూ. లోయ మీరు ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది.

చూశాను. మా పెద్దమ్మను ఇచ్చిన ఊరు పుల్లారెడ్డిగూడెం, ఆ లోయలోని పల్లె. 1959లో నాకు పదేళ్ళు. మా నాన్న నన్ను తీసుకొని నరసరావుపేటలో మీటరుగేజి రైలెక్కి మాచర్లలో దిగారు. అక్కడి నుంచి కొంత బస్సు, కొంత నడక. పెద్దమ్మ ఇల్లు రెండు గదుల పూరిల్లు, వాకిట్లో చింతచెట్టు. పెదనాన్న తవ్వకాల్లో కూలికి వెళ్ళేవాడు. మట్టి తట్టలెత్తేవారు, తెల్లటి సున్నపురాయి పలకలను గోనెపట్టాల మీద వరసగా పరిచేవారు. "ఈ రాళ్ళను పైకి తీసుకుపోతారంటగా, మనల్ని ఎక్కడికి తీసుకుపోతారో" అన్నది పెద్దమ్మ మా నాన్నతో. ఆయన జవాబు చెప్పలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. తరువాత వాళ్ళు ఊరు వదిలారు. పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ బతికి ఉండగా మళ్ళీ ఆ దిక్కుకు వెళ్ళలేదు. లాంచి ఎక్కమంటే, "మా వాకిలి మీద నుంచి నేను పడవలో పోనా?" అనేది.

ఇదంతా పిల్లలకు చెప్పాను. పెద్దపిల్ల వెంటనే అడిగింది: "అయితే ఇల్లు ఎక్కడో చూపించండి. మహాచైత్యం, విహారాలు, రంగస్థలం మ్యూజియంలో చూసి రాసుకున్నాం. ఇళ్ళ సంగతి మాకు చెప్పేవాళ్ళు దొరకలేదు."

నేను కళ్ళజోడు తుడుచుకొని వంగి చూశాను. అరవై ఏళ్ళు దాటిపోయింది. కొండ ఇటు ఉంటే, పొద్దు అటు పొడిచేది. తవ్వకాల గుంటలు వాకిట్లోంచి కనపడేవి. నీళ్ళకు కృష్ణకు వెళ్ళే దారి ఇటు. వేలు పెట్టి ఒక చోటు చూపాను. పది గజాలు అటూ ఇటూ ఉండవచ్చు. ఆ కొలతలో పది గజాలు రెండు మిల్లీమీటర్లు కూడా కాదు.

అప్పుడు ఆ పిల్లలు లెక్క వేశారు. 106 అడుగుల వ్యాసం ఉన్న మహాచైత్యం వాళ్ళ నమూనాలో ఆరున్నర మిల్లీమీటర్లు, శనగగింజంత. రంగస్థలం పెసరగింజంత. ఇరవై ఐదడుగుల పూరిల్లు మిల్లీమీటరున్నర. "ఆవగింజ సరిపోతుంది తాతగారూ" అన్నది చిన్నపిల్ల. ప్రదర్శనలో భోజనాలు వండుతున్న చోటికి పరుగెత్తి పోపుల డబ్బాలోంచి ఒక ఆవగింజ తెచ్చింది. బంక వేసి నేను చూపిన చోట అతికించారు. పక్కన చింతచెట్టుకు ఆకుపచ్చ రంగు చుక్క పెట్టారు. కొలతకు సరిగ్గా సరిపోయిన ఇల్లు. ఈసారి పదికి పది.

తరువాత ఎవరో చూడడానికి వచ్చారు. పిల్లలు నీలం కాగితం పరిచారు. నేను అక్కడి నుంచి వచ్చేశాను.

సోదరులకు మనవి

ఈ వ్యాసం ముగించే ముందు ఒక విన్నపం. పురావస్తు శాఖవారు చేసింది సామాన్యమైన పని కాదు. రాజుల కట్టడాలు, భిక్షువుల విహారాలు, రాతియుగపు గొడ్డళ్ళు వారి వల్ల దక్కాయి. అయితే ఇళ్ళు, వాకిళ్ళు, బావులు, కళ్ళాలు, ఎవరి పొలం గట్టు ఎక్కడ అనేది చెప్పవలసినవాళ్ళం మనం. సాగర్ ముంపు ఊళ్ళను కళ్ళారా చూసినవారిలో అందరికంటే చిన్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటుతోంది. తరువాత శ్రీశైలం వచ్చింది. 2013లో ప్రారంభమైన పులిచింతల కింద ఒకనాటి వజ్రాల గనుల కొల్లూరు వంటి ఊళ్ళు మన పల్నాటిలోనే మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు వేరే జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. జిల్లాకు చరిత్ర కావాలంటే అది పెద్ద పుస్తకాల్లో నుంచే రానక్కర లేదు. మనలో రెవెన్యూలో, సర్వేలో, నీటిపారుదలలో, బడుల్లో పనిచేసినవారు ఉన్నారు. గ్రామ పటం చదవడం మనకు వచ్చు. ముంపు ఊరి పటం ఒకటి ముందు పెట్టుకొని, ఆ ఊరి ముసలివాళ్ళను కూర్చోబెట్టి, ఏ ఇల్లు ఎవరిదో, ఏ చెట్టు ఎక్కడో గుర్తు పెట్టించి, దగ్గరి బడి పిల్లలకు ఇద్దాం. చెక్క, థర్మాకోలు, మట్టి వాళ్ళు చూసుకుంటారు. మొదటి పటానికి అయ్యే ఖర్చు నా పింఛనులోంచి ఇస్తానని కార్యదర్శి గారికి చెప్పి ఉన్నాను.

ఆ ముగ్గురు పిల్లలకు ఒక ఉత్తరం రాశాను. నా మార్కులు తప్పని, వారి కొలత ఒప్పని, ఇంజనీరు గారు చెప్పిన కారణంతో సహా రాసి, కింద పూర్తి పేరు, పాత హోదా వేసి సంతకం పెట్టాను. నేను ఇంతవరకు పెట్టిన సంతకాల్లో ఒకదాన్ని ఇంకో సంతకంతో దిద్దుకోవడం ఇదే మొదటిసారి. బహుమతి మారదు. కాగితం మాత్రం వారి దగ్గర ఉంటుంది.

సెలవు.